ఉన్నదీ లేనిదీ తేల్చే పని

కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని తెలంగాణలో అడుగుపెట్టిన గోదావరి కొద్ది దూరంలోనే బాసరను తాకుతుంది. వ్యాసుడు రోజూ నదిలో మునిగి లేచి మూడు గుప్పిళ్ల ఇసుక తెచ్చి ముగ్గురమ్మలను నిలిపాడని ఇక్కడి స్థలపురాణం. పిల్లల అక్షరాభ్యాసానికి వచ్చే కుటుంబాలతో రేవు ఎప్పుడూ సందడిగానే ఉంటుంది. ఆ సందడికి కాస్త ఎడంగా, నీళ్లు తగ్గిన రోజుల్లో, ఖనిజాల కోసం వెతికే భూవిజ్ఞాని కూడా ఇక్కడ గుప్పెడు ఇసుకతోనే పని మొదలుపెడతాడు.

ఇసుకను అరచేతిలో పలచగా పరుస్తాడు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించి, చేతినే దగ్గరికి తెచ్చుకుంటాడు. దూరం నుంచి ఒకే రంగులో ఉన్న ఇసుక రకరకాలుగా విడిపోతుంది. గాజు ముక్కల్లా మెరిసేవి, పాలలా తెల్లగా ఉండేవి పలుగురాయి రేణువులు. లేత గులాబీ రంగులో, ఒక వైపు చదునుగా విరిగినవి ఫెల్డ్‌స్పార్. అక్కడక్కడా తేనె రంగులో, నున్నగా అరిగిన ముక్కలు అకీకు రాళ్లు. మిగిలిన సన్నని నల్ల రేణువుల దగ్గరికి అయస్కాంతం తెస్తే కొన్ని ఎగిరి అతుక్కుంటాయి. అవి మాగ్నెటైట్, అంటే మన సూదంటురాయి పొడి.

వీటిలో ప్రతి రేణువుకూ ఒక పుట్టిల్లు ఉంది. నాసిక్ నుంచి కందకుర్తి దాకా గోదావరి దాదాపు అంతా నల్లరాతి మీదే, అంటే బసాల్టు మీదే ప్రవహిస్తుంది. ఆ లావా చల్లారేటప్పుడు అందులో చిక్కుకున్న గాలిబుడగల ఖాళీల్లో తర్వాత పేరుకున్నదే అకీకు. కాబట్టి తేనె రంగు ముక్క మరాఠ్వాడా నుంచి వచ్చిందనుకోవచ్చు. బసాల్టులో గులాబీ ఫెల్డ్‌స్పార్ ఉండదు, పలుగురాయి కూడా ఇంత ఉండదు. అవి గ్రానైట్ నేలవి. మెదక్, నిజామాబాద్ గుట్టలను కోసుకుంటూ వచ్చిన మంజీరా, చుట్టుపక్కల వాగులూ వాటిని మోసుకొచ్చాయి. గుప్పెడు ఇసుకను బట్టి రెండు నదుల పరీవాహక ప్రాంతాల్లో ఏ రాళ్లున్నాయో అంచనా వేయవచ్చన్నమాట.

ఇది చూడముచ్చటైన విద్య మాత్రమే కాదు, నేటికీ ఖనిజాన్వేషణలో మొదటి మెట్టు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దేశమంతటా చేపట్టిన భూరసాయన పటాల పనిలో 2 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఒక్కో గడికి ఒక్కో నమూనా చొప్పున వాగుల మట్టిని సేకరించి పరీక్షిస్తారు. ఒక వాగు మట్టిలో రాగి మోతాదు పక్క వాగుల కంటే బాగా ఎక్కువగా కనబడితే, ఆ వాగు ఎగువన ఏదో ఉందని అనుమానం. అప్పుడు ఎగువకు నడుస్తూ, ప్రతి ఒర్రె కలిసేచోటా మళ్లీ మట్టి తీస్తూ, ఆ మోతాదు ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ ఒక్కసారిగా ఆగిపోతోందో చూసుకుంటూ వెళ్లాలి. బంగారం లాంటి బరువు ఖనిజాలైతే చాటలో బియ్యం చెరిగినట్టు పళ్లెంలో ఇసుకను నీళ్లతో తిప్పి, తేలికవి పోగొట్టి, అడుగున మిగిలిన నల్ల మడ్డిని పరీక్షిస్తారు.

బాసర నిలబడ్డ చోటు ఈ విద్య నేర్చుకోవడానికి ఎంతో అనువైనది. ఉత్తరాన ముధోల్, భైంసా వైపు పోతే నల్లరేగడి భూములు, పత్తి చేలు, పైభాగం చదునుగా ఉండే గుట్టలు. తూర్పున, దక్షిణాన నిజామాబాద్, ఆర్మూర్ వైపు పోతే ఎర్ర చెల్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. మొదటిది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా నేల. రెండోది 250 కోట్ల ఏళ్లు, అంతకు పైబడిన గ్రానైట్, నైస్ శిలల నేల. రైలు కిటికీలోంచి చూసినా మట్టి రంగు మారడం తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య వయసులో 240 కోట్ల ఏళ్లకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో ఈ నేల మీద ఏం జరిగిందో చెప్పే రాళ్లు బాసర దగ్గర దాదాపు మిగలలేదు. ఉత్తర తెలంగాణ సంపదగా మనం చెప్పుకునే బొగ్గు సరిగ్గా ఆ మధ్యకాలంలో పుట్టింది.

అందుకే ఇక్కడి రైతుకు ఖనిజాన్వేషకుడు ఇచ్చే జవాబు చాలాసార్లు నిరాశగా ఉంటుంది. సుత్తి, దిక్సూచి, గుడ్డ సంచులు పట్టుకుని చేల గట్ల వెంట తిరిగే మనిషిని చూస్తే ఎవరైనా అడిగేది ఒకటే.

"సారూ, మా భూమిల ఏమన్న ఉన్నదా?"

"ఇంకా సూస్తున్నం బాపూ. బొగ్గయితే ఈడ ఉండది."

చూడకుండానే లేదని ఎలా చెప్పగలిగాడు? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే. ఖనిజాన్వేషకుడంటే నిధి కనిపెట్టేవాడని లోకం అనుకుంటుంది. ఎక్కడ వెతకనక్కర్లేదో తేల్చడంలోనే అతని వృత్తి జీవితంలో ఎక్కువ భాగం గడుస్తుందనీ, ఆ పని నిజాయితీగా చేసినవాడికే దొరకాల్సింది దొరుకుతుందనీ నా అభిప్రాయం. మన నేల మీద దీనికి విలియం కింగ్ జీవితం కన్నా మంచి నిదర్శనం లేదు.

సింగరేణి బొగ్గు కనిపెట్టినవాడిగా కింగ్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా వస్తుంది. ఆ వాక్యం వెనక పద్నాలుగేళ్ల నడక ఉంది. ఐర్లండు నుంచి వచ్చిన కింగ్ 1857లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణలో చేరాడు. ఆ సంస్థ అప్పటికి ఆరేళ్లది. థామస్ ఓల్డ్‌హామ్ 1851లో దాన్ని మొదలుపెట్టాడు. కింగ్ తండ్రి పేరు కూడా విలియం కింగే, గాల్వేలో భూవిజ్ఞాన ఆచార్యుడు. జర్మనీలో దొరికిన ఒక పాత కపాలం మనలాంటి మనిషిది కాదనీ, వేరే జాతి మానవుడిదనీ 1863లో ప్రతిపాదించి, నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. అదే 1863 సెప్టెంబరులో కొడుకు కింగ్, రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో పాతరాతియుగపు పనిముట్లు కనుక్కున్నాడు. ఒకే ఏడాది తండ్రీకొడుకులు రెండు ఖండాల్లో ఆదిమానవుడి చరిత్రను మార్చారు. ఇద్దరి చదువూ రాళ్లదే.

మద్రాసు రాజధానిలో కింగ్‌కు అప్పగించిన పని బొగ్గు వెతకడం కాదు, రాళ్ల పటం గీయడం. కడప, కర్నూలు జిల్లాల్లో, నల్లమల కొండల్లో ఏ రాయి మీద ఏ రాయి ఉందో, ఎటు ఎంత వాలిందో, ఎక్కడ తెగిందో నడిచి చూసి గీశాడు. 1872లో అచ్చయిన కడప, కర్నూలు శిలల గ్రంథం ఆ నడకల ఫలితం. ఈనాటికీ ఆ రాళ్లను భూవిజ్ఞానులు ఆయన వాడిన ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు. తర్వాత గోదావరి వైపు వచ్చినప్పుడు పాకాల చెరువు పేరుతో పాకాల శిలలు, సుల్లవాయి పేరుతో సుల్లవాయి ఇసుకరాళ్లు అని విడదీశాడు. ఇలా విడదీయడమే అసలు సంగతి. ఎందుకంటే ఎర్రటి ఇసుకరాయి సుల్లవాయిలోనూ ఉంది, బొగ్గు పొరల పైన ఉండే కామ్‌ఠీలోనూ ఉంది. మామూలు కంటికి రెండూ ఒకటే. కామ్‌ఠీ కింద బొగ్గు దొరకవచ్చు. సుల్లవాయి బొగ్గు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందటిది, దాని కింద ఎంత తవ్వినా లేదు.

ఈ తేడా ఎందుకు వచ్చిందో కాస్త చెప్పాలి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. హిమానీనదాలు కరిగిపోతూ రాళ్లను, బంకమట్టిని కలగలిపి వదిలి వెళ్లాయి. తాల్చేర్ శిలల్లో ఆ గుండ్లు ఇప్పటికీ కనబడతాయి. వాటి పైన నదులు, చిత్తడి అడవులు వచ్చాయి. ఆ చెట్లు కూలి, నీటి అడుగున కుళ్లకుండా పేరుకుని, ఇసుక కింద అణిగి బొగ్గయ్యాయి. బరాకర్ శిలలంటే ఇవే. ఇంతవరకూ ఎన్నో చోట్ల జరిగి ఉండవచ్చు. కానీ పైన పేరుకున్నది కాలక్రమంలో వానకు, గాలికి కొట్టుకుపోతుంది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవైన పగుళ్ల మధ్య నేల దిగబడిన చోట మాత్రం ఆ పొరలు లోతుకు జారి భద్రంగా మిగిలాయి. ఆ దిగబడిన పట్టీయే ప్రాణహిత-గోదావరి లోయ. బాసర ఆ పట్టీకి బయట, దిగబడని గట్టి నేల మీద ఉంది. గోదావరి వెంట ధర్మపురి, లక్షెట్టిపేట దాటి మంచిర్యాల చేరేసరికి గ్రానైట్ గుండ్లు మాయమై ఇసుకరాళ్లు మొదలవుతాయి. ఒకే నది, రెండు వేర్వేరు భూమి కథలు.

కింగ్ రాకముందే ఈ లోయలో వెతికినవాళ్లున్నారు. నాగపూరులో క్రైస్తవ బోధకుడిగా ఉంటూ రాళ్లు, శిలాజాలు సేకరించిన స్టీఫెన్ హిస్‌లాప్ ఆసిఫాబాద్ వైపు మాలేరి ఎర్రమట్టిలో దొరికిన ఎముకలను ప్రపంచానికి పరిచయం చేశాడు. 1863లో నాగపూరు దగ్గర ఉప్పొంగిన వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయాడు. ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం సున్నపురాయిలో దొరికిన చేపల శిలాజాలు అంతకుముందే లండను చేరాయి. ఆ రోజుల్లో ఈ అడవుల్లో తిరగడమంటే ఎడ్లబండి, గుర్రం, గుడారం, జ్వరం. వానలు వెనకబట్టాక బయలుదేరి ఎండలు ముదిరేలోపు తిరిగి రావాలి. సర్వేక్షణ సంస్థలో క్షేత్రకాలం అనే మాట ఆ పద్ధతి నుంచే వచ్చింది.

1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర కింగ్ బొగ్గును గుర్తించాడు. భద్రాచలం యాత్రకు పోతున్నవాళ్లు పొయ్యికి పెట్టిన మూడు నల్లరాళ్లూ అంటుకుని మండాయని, వాళ్లు భయపడి పరుగెత్తారని, ఆ కబురు సర్కారుకు చేరిందని సింగరేణి ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే కథ. మండే రాయిని స్థానికులు ముందే చూసి ఉండడం సహజమే. కానీ ఒక రాయి మండిందన్న కబురుకూ, ఇక్కడ గని తవ్వవచ్చన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఇల్లెందు దగ్గరి బొగ్గు నేల పెద్ద గోదావరి పట్టీలో లేదు. చుట్టూ పాత రాళ్లు కమ్ముకుని ఉండగా మధ్యలో మిగిలిపోయిన చిన్న తునక అది. పెద్ద పట్టీలోనే వెతుకుతూ పోయినవాడు దాన్ని చూడకుండా దాటేసేవాడు. పాకాల రాయి ఏదో, గోండ్వానా రాయి ఏదో చేత్తో పట్టుకుని చెప్పగలిగినవాడికే ఆ తునక కనబడింది. హైదరాబాద్ రాజ్యపు ఆగ్నేయ భాగంలో కొత్త బొగ్గు క్షేత్రం గురించి కింగ్ 1872లో ఒక చిన్న నోటు అచ్చువేశాడు. దగ్గరలో ఉన్న సింగరేణి గ్రామం పేరు క్షేత్రానికి వచ్చింది. మంచి పొరకు కింగ్ సీమ్ అని ఆయన పేరు పెట్టారు. బొగ్గు బాయిలో పనిచేసే కార్మికుల నోట ఆ పేరు ఇప్పటికీ వినబడుతుంది.

కనిపెట్టినవాడికీ లాభపడినవాడికీ సంబంధం ఉండదన్న సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. 1886లో గనుల హక్కులను లండనులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ సంపాదించింది. షేర్ల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం కూర్చుంది. నిజాం కొలువులో పెద్ద పదవిలో ఉండి, ఆ కంపెనీ షేర్లతో సొంత లాభం చూసుకున్న అబ్దుల్ హక్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కార్మికులు ఏటా ఆవిర్భావ దినం జరుపుకునేది ఆ తేదీకే. 1920ల చివరికి బొగ్గు బాయిలు బెల్లంపల్లి చేరాయి, అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చాయి. కింగ్ మాత్రం పటాల పనిలోనే ఉండి 1881లో ప్రాణహిత-గోదావరి లోయ మీద తన పెద్ద గ్రంథం వెలువరించాడు. 1887 నుంచి 1894 దాకా సర్వేక్షణ సంస్థకు అధిపతిగా ఉన్నాడు. తర్వాతి కాలంలో మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరుల్లో వెతికినవాళ్లంతా ఆయన గీసిన గీతల మీదుగా నడిచి, తప్పున్నచోట దిద్దుకుంటూ ముందుకు పోయినవాళ్లే.

పటం అనుమానాన్ని పుట్టిస్తుంది. అనుమానాన్ని తేల్చేది బోరు. నీళ్ల కోసం వేసే బోరులో రాయి పొడిగా పైకి వస్తుంది. అన్వేషణ బోరులో మాత్రం వజ్రపు పళ్లున్న ఉంగరం లాంటి బిట్ రాయిని గుండ్రంగా కోస్తుంది. మధ్యలో మిగిలిన రాతికడ్డీ గొట్టంలోకి ఎక్కుతుంది. దాన్నే కోర్ అంటారు. ఎక్కువగా వాడే ఎన్‌క్యూ సైజులో దాని మందం 47.6 మిల్లీమీటర్లు. గొట్టం నిండిన ప్రతిసారీ పైకి లాగి, కడ్డీని గళ్ల పెట్టెలో పైనుంచి కిందికి వరుస తప్పకుండా పేర్చి, ఎన్ని మీటర్ల లోతుదో రాసిన చెక్కముక్కను పక్కన పెడతారు. ఒక్క ముక్క తలకిందులైనా, ఒక్క పెట్టె అటూ ఇటూ అయినా ఆ బోరు మీద పెట్టిన డబ్బంతా వృథా.

మంచిర్యాల వైపు అలాంటి పెట్టెల ముందు కూర్చుంటే గడిచిన కోట్ల ఏళ్లు వరుసగా కనబడతాయి. భూవిజ్ఞాని ముందు తడిగుడ్డతో కడ్డీని తుడుస్తాడు. తడిస్తేనే రంగులు తేలతాయి. పైన కొంత మొరం. తర్వాత ఇటుక రంగు తిరిగిన ముతక ఇసుకరాయి, కామ్‌ఠీ. దాని కింద ఆకుపచ్చ చాయ కలిసిన బూడిద రంగు రాయి. బొగ్గు లేని ఈ భాగానికి గొడ్డు పొరలని పేరు. ఇంకా కిందికి తెల్లటి ఇసుకరాయి వచ్చిందంటే మనసు నిలవదు. గోరుతో గీకితే అందులోని ఫెల్డ్‌స్పార్ సుద్దలా రాలుతుంది. బరాకర్ వచ్చిందనడానికి అది గుర్తు. ఆ తర్వాత నల్లటి మట్టిరాయి, చెట్టు ఆకుల ముద్రలు, దాని కింద మెరిసే చారలు, మెరవని చారలు కలిసిన బొగ్గు. బొగ్గు ముక్కను వెంటనే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టాలి, లేకుంటే తేమ ఆరిపోయి లెక్క తప్పుతుంది. ప్రయోగశాలలో తేమ, బూడిద, ఆవిరయ్యే పదార్థం, మండే శక్తి కొలిచి జీ-1 నుంచి జీ-17 దాకా ఏదో ఒక తరగతి ఇస్తారు. మన గోండ్వానా బొగ్గులో బూడిద పాలు ఎక్కువ.

కోర్ సరిగా రాని చోట్ల బోరులోకి పరికరాలు దింపి రాళ్ల సాంద్రతను, సహజ రేడియోధార్మికతను కొలుస్తారు. ఇసుకరాయి కంటే బొగ్గు చాలా తేలిక. గ్రాఫులో ఆ గీత ఒక్కసారిగా పక్కకు జరిగిన చోట బొగ్గు పొర ఉందని అర్థం.

ఒక బోరులో బొగ్గు తగిలితే గని దొరికినట్టు కాదు. అది ఎంత దూరం సాగిందన్నది అసలు ప్రశ్న. మన దేశంలో బొగ్గు నిల్వల లెక్కకు పాటించిన పాత పద్ధతి ప్రకారం బోరు చుట్టూ 200 మీటర్ల లోపు ఉన్నదే రుజువైనట్టు. అక్కడి నుంచి కిలోమీటరు దాకా సూచన మాత్రమే. ఆపైన ఊహ. ఈ లోయంతా పగుళ్ల నేల కాబట్టి పక్క బోరులో పొర ఉండాల్సిన లోతున ఉండకపోవచ్చు, పగులుకు అటు వైపు పదుల మీటర్ల కిందికి జారిపోయి ఉండవచ్చు. అప్పుడు కాగితం మీద పాత గీతను చెరిపి కొత్త గీత గీయాలి. మంచి అన్వేషకుణ్ని గుర్తుపట్టేది ఈ క్షణంలోనే. తన పాత గీత మీద మమకారం ఉన్నవాడు ఈ పనికి పనికిరాడు.

లేదు అన్న జవాబుకు కూడా బోరే సాక్ష్యం. 1993 కిల్లారి భూకంపం తర్వాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడ 617 మీటర్ల లోతు బోరు వేయించింది. పైన 338 మీటర్లు బసాల్టు. దాని కింద సుమారు 8 మీటర్ల మట్టి పొరలు. ఆ కిందంతా పాత నైస్ శిలే. లాతూరు జిల్లాలోని కిల్లారి బాసరకు నైరుతిన ఉంది. అక్కడ లావాకూ పాత శిలకూ మధ్య మందమైన గోండ్వానా పొరలు లేవని ఆ ఒక్క బోరు తేల్చింది. భూకంపం కారణాల కోసం వేసిన బోరు ఖనిజాన్వేషకుడికి కూడా ఒక ప్రశ్న తగ్గించింది. ఇలాంటి కోర్‌లను పదిలంగా దాచడం అందుకే అంత ముఖ్యం. ఈరోజు పనికిరాదని పక్కన పెట్టిన కడ్డీలో రేపు మరొకరు మరొక లోహాన్ని చూడవచ్చు.

బాసర చుట్టూ బొగ్గు లేదన్నంత మాత్రాన ఏమీ లేదని కాదు. ఇందాక అయస్కాంతానికి అంటుకున్న నల్ల రేణువులనే చూడండి. గ్రానైట్ నేలలోని అదే సూదంటురాయిని కొట్టి, నీళ్లతో కడిగి, కరిగించి, నిజామాబాద్ జిల్లా కోన సముద్రంలో కమ్మరులు ఉక్కు ముద్దలు తయారుచేసేవాళ్లు. పశ్చిమాసియాలో కత్తులుగా మారి పేరు పొందిన ఉక్కు ఇదే. మెట్‌పల్లి వైపు నుంచీ, నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి నుంచీ ముడి ఇనుము వచ్చేది. కర్నల్ లాంబ్టన్ త్రిభుజ సర్వేలో వైద్యుడిగా, భూవిజ్ఞానిగా చేరిన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతంలో ఆ కొలుములు చూసి రాశాడు. 1824లో కలకత్తాకు వెళ్తూ దారిలోనే చనిపోయాడు. ఆయన రాత 1832లో అచ్చయింది. ఏ గుట్ట రాయి వాడితే ఉక్కు ఎలా వస్తుందో పాళ్లతో సహా తెలిసిన ఆ కమ్మరులను ఈ ప్రాంతపు తొలి ఖనిజాన్వేషకులుగా మనం లెక్కించాలి. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఉత్తరాన ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ సున్నపురాళ్ల మధ్య మాంగనీసు ఖనిజం ఉంది. మంచిర్యాల, దేవాపూర్ సిమెంటు కర్మాగారాలు సున్నపురాయి ఆధారంగా వచ్చినవే. వెతికిందొకటి దొరికిందొకటి అయిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాణహిత లోయ రాళ్లను పరిశీలిస్తూ వెళ్లిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందానికి 1960 ప్రాంతంలో భారీ డైనోసార్ ఎముకలు దొరికాయి. తవ్వినది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. సర్వేక్షణ సంస్థలో పనిచేసిన మన పి. యాదగిరి, యామనపల్లి దగ్గర దొరికిన సుమారు 840 ఎముకలను పరిశీలించి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్‌ను ప్రకటించారు. ఒక తెలంగాణ పల్లె పేరు ప్రపంచ డైనోసార్ల జాబితాలో చేరింది. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలతో వెళ్లినప్పుడు దాని ముందు కాసేపు ఆగి ఆ ఊరి పేరు చదివించండి.

బాసర గుడికి దగ్గరలో వేదవతి శిల అనే బండ ఉంది. ఒక్కోచోట కొడితే ఒక్కోరకంగా మోగుతుందని యాత్రికులు రాయితో తట్టి చూస్తుంటారు. గట్టి బండలో లోపల పొర విడివడిన చోట మోత మారడం రాళ్లకు సహజం. బొగ్గు బాయిలో ఈ సంగతి ప్రాణాలు కాపాడుతుంది. షిఫ్టు మొదలవగానే పైకప్పును కడ్డీతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పొర విడిపోయినట్టు, దాని కింద మనిషి నిలబడకూడదు. పొరల పగుళ్లు ఎటు సాగాయో ముందే పటంలో చూపించాల్సింది భూవిజ్ఞానే. అతని పొరపాటుకు మూల్యం చెల్లించేవాడు కింద పనిచేసే కార్మికుడు. అన్వేషణ నివేదికలో ప్రతి గీత వెనకా ఈ బాధ్యత ఉంది. పైన ఉన్న ఊళ్ల సంగతీ అంతే. ఓపెన్‌కాస్టుకు భూమి పోగొట్టుకోబోయే కుటుంబానికి ఆ కబురు ముందుగా, నిజంగా తెలియాలి. నివేదికలో నిల్వను ఎక్కువ చేసి చూపడం, అనుమానాన్ని నిశ్చయంగా రాయడం ఆ కుటుంబానికి చేసే అన్యాయం.

ఈ వృత్తిలో అడుగుపెట్టాలంటే ముందు భూవిజ్ఞానంలో ఎమ్మెస్సీ కావాలి. యూపీఎస్సీ ఏటా నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా సర్వేక్షణ సంస్థలో చేరవచ్చు. దాని శిక్షణ సంస్థ హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. యురేనియం లాంటి అణు ఖనిజాల్ని వెతికే సంస్థ బేగంపేటలో, ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మాసబ్‌ట్యాంకులో ఉన్నాయి. సింగరేణికి సొంత అన్వేషణ విభాగం ఉంది. కొత్తగూడెం మైనింగ్ కళాశాల 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞానాల విశ్వవిద్యాలయంగా మారింది. ఆడపిల్లలకు ఈ పని కుదరదన్న మాట పాతబడింది. గుడారాల్లో ఉండి కోర్ పెట్టెలు లాగ్ చేస్తున్న మహిళా భూవిజ్ఞానులు ఇప్పుడు ప్రతి సంస్థలోనూ ఉన్నారు. జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు వచ్చి నడక తగ్గించాయి, పూర్తిగా పోగొట్టలేదు. లిథియం, అరుదైన మృత్తికలు, గ్రాఫైట్ కోసం దేశం కొత్తగా వెతుకుతోంది. అవి ఉన్నాయో లేవో చెప్పడానికి ఇంకా ఎవరో ఒకరు వాగు వెంట నడిచి మట్టి తీయాల్సిందే.

ఉత్తర తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో చదివే పిల్లలు సొంత జిల్లా రాళ్లను ఒక్కసారైనా భూతద్దంతో చూసేలా అధ్యాపకులు పూనుకోవాలి. బాసర నుంచి మంచిర్యాల దాకా గోదావరి వెంట ఒక్క ప్రయాణం చేయిస్తే లావా, గ్రానైట్, ఇసుకరాయి, బొగ్గు అన్నీ కళ్లముందుకు వస్తాయి. మీ ఇంట్లో రాళ్లు ఏరుకొచ్చి జేబులు నింపుకునే పిల్లో పిల్లాడో ఉంటే ఆ రాళ్లను పారేయకండి. ఏ ఊరిలో, ఏ వాగు ఒడ్డున, ఏ తేదీన దొరికిందో చీటీ మీద రాసి రాయితో పాటు పెట్టమనండి.